బంగారు అక్షరాల పాట పుస్తకాలు: గ్రెగోరియన్ గానపు రాతప్రతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరోపా యాత్ర నుంచి తిరిగివచ్చిన వాళ్ళ ఫోనుల్లో ఒక ఫొటో దాదాపు తప్పకుండా ఉంటుంది. అద్దాల పెట్టెలో తెరిచిపెట్టిన పెద్ద పుస్తకం, ఎర్ర గీతల మీద నల్లని చదరపు చుక్కలు, మూలన బంగారంతో మెరిసే ఒక అక్షరం. "ఇదేమిటో కాస్త చెప్పండి" అంటారు. అక్కడినుంచి సంభాషణ ప్రతిసారీ అవే సందేహాల మీదుగా నడుస్తుంది. సెమినరీలో చదివేవాళ్ళు, కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ళు, పాత వస్తువుల అంగట్లో ఒక పుట చూసి కొనాలా వద్దా అని తటపటాయించేవాళ్ళు అడిగినవన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## తొలి పరిచయం

గ్రెగోరియన్ గానం అంటే గ్రెగరీ అనే ఆయన కట్టిన పాటలా?

కావు. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మొదటి గ్రెగరీ పేరు దీనికి అంటుకుంది గాని, ఆయన ఒక్క పాటైనా కట్టినట్టు ఆధారం లేదు. ఇది రోమన్ కథోలిక పూజలో లాటిన్ ప్రార్థనలను వాద్యం లేకుండా, గాయకులందరూ ఒకే స్వరవరుసలో పాడే గానం. తాళం ఉండదు, మాట నడకే పాట నడక. మనకు తెలిసిన రూపం 8, 9 శతాబ్దాల్లో ఫ్రాంకుల రాజ్యంలో (నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతం), పెపిన్, షార్లమేన్ అనే రాజుల ఏలుబడిలో కుదురుకుంది. రోము నుంచి తెచ్చుకున్న గానం అక్కడి స్థానిక గానంతో కలిసిపోయింది. రాజ్యమంతటా ఒకే పూజావిధానం ఉండాలనుకున్న రాజులకు, ఎవరూ ఎదురు చెప్పలేని ఒక పెద్ద పేరు కావలసి వచ్చింది. గ్రెగరీ పేరు అందుకు చక్కగా ఒదిగింది.

చెవి దగ్గర పావురం వాలిన ఒకాయన బొమ్మ చూశాను. ఎవరాయన?

ఆయనే ఆ పోపు గ్రెగరీ. పావురం పరిశుద్ధాత్మకు గుర్తు. అది చెవిలో పాట చెబుతుంటే, ఆయన విని పక్కనున్న లేఖకుడికి చెబుతున్నట్టు గీస్తారు. స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ మఠంలో హార్ట్‌కర్ అనే సన్యాసి సుమారు 1000వ సంవత్సరానికి కాస్త ముందు రాసిన ప్రతిలో ఈ బొమ్మ ఉంది. చరిత్రగా చూస్తే కట్టుకథే. అయితే కొన్ని వందల ఏళ్ళపాటు ఒక్క స్వరం కూడా మార్చకూడదన్న పట్టుదల గాయకుల్లో నిలిచిందంటే, అందులో ఈ పావురానికి చాలా వాటా ఉంది.

గ్రాడ్యువల్, ఆంటిఫొనరీ, మిస్సల్... ఇవన్నీ ఒకటేనా?

వేర్వేరు. గ్రాడ్యువల్‌లో దివ్యబలిపూజలో గాయకులు పాడేవి ఉంటాయి. ఆంటిఫొనరీలో తెల్లవారుజాము నుంచి రాత్రి పడుకునే వరకు మఠంలో వేళలవారీగా జరిగే ప్రార్థనల పాటలు ఉంటాయి. మిస్సల్ పూజ జరిపే గురువు (ఫాదర్) చేతి పుస్తకం, పూజ పాఠమంతా అందులోనే ఉంటుంది, స్వరాలు ఉండవచ్చు, లేకపోవచ్చు. అంగళ్ళలో మాత్రం చదరపు స్వరాలు కనబడిన ప్రతి పుటకూ "ఆంటిఫొనరీ" అని చీటీ తగిలిస్తారు. సగం సార్లు అది తప్పే.

ఇద్దరు మోస్తేగాని కదలనంత పెద్దవి ఎందుకు?

గాయక బృందమంతా ఒకే పుస్తకం చూసి పాడాలి కాబట్టి. పుస్తకం ఎత్తైన పీఠం మీద ఉంటుంది, చుట్టూ పదిమందో పదిహేనుమందో నిలబడతారు. కొవ్వొత్తి వెలుగులో, వెనక వరుసలోని ముసలి సన్యాసికి కూడా అక్షరం ఆనాలి. అందుకే 14, 15 శతాబ్దాలకు వచ్చేసరికి పుటలు మన భోజనపు పీటంత అయ్యాయి. మొదట్లో ఇలా లేదు. సాంక్ట్ గాలెన్‌లో 10వ శతాబ్దపు తొలి పాతికేళ్ళలో రాసిన కాంటాటోరియం అనే పుస్తకం సన్నగా, నిలువుగా, చేతిలో పట్టుకునేలా ఉంటుంది. దాని అట్టలకు దంతపు పలకలు తాపారు. అది ఒంటరిగా పాడే గాయకుడి పుస్తకం, మిగతావాళ్ళకు పాట కంఠస్థం.

## తయారీ

రాసింది కాగితం మీదేనా?

ఎక్కువగా చర్మపత్రం మీద. దూడ, గొర్రె, మేక తోళ్ళను సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి లాగి, అర్ధచంద్రాకారపు కత్తితో పలుచబడేదాకా గీకుతారు. పెద్ద గానపుస్తకంలో రెండు ఆకులకు ఒక తోలు పడుతుంది. రెండువందల ఆకుల పుస్తకం అంటే వంద జంతువుల మంద అన్నమాట. పుటను దగ్గరగా చూస్తే ఒక వైపు కాస్త పసుపుగా, రోమకూపాల చుక్కలతో ఉంటుంది, రెండో వైపు తెల్లగా, నునుపుగా ఉంటుంది. మొదటిది వెంట్రుకల వైపు, రెండోది మాంసం వైపు. సిరా వంటకం మనవాళ్ళకు కొత్త కాదు: మాచికాయ, అన్నభేది, బంక.

ఆ బంగారం నిజమైనదేనా?

నిజమైనదే. సుద్ద, జిగురు, కొంచెం తేనె లేదా చక్కెర, కాస్త ఎర్రమన్ను కలిపిన ముద్దను ముందు అక్షరం ఆకారంలో ఉబ్బెత్తుగా పూస్తారు. అది ఆరాక చిత్రకారుడు నోటి ఆవిరి ఊది తడి చేసి, ఊపిరికే ఎగిరిపోయే బంగారు రేకును దాని మీద పరుస్తాడు. తర్వాత కుక్క కోరతోనో నునుపైన రాయితోనో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఉబ్బెత్తుగా ఉండటం వల్ల, చూసేవాడు తల కొంచెం కదిపితే చాలు, వెలుగు దాని మీద పరుగెత్తుతుంది. ఫొటోలో ఈ పరుగు పడదు. ఫొటో చూసి "ఇంతేనా" అన్నవాళ్ళు అసలు పుట ముందు మాట్లాడకుండా నిలబడిపోవడం చూశాను. ఇలా పుటలను అలంకరించడాన్ని ఇల్యూమినేషన్ అంటారు, ఆ మాటకు అర్థం కూడా వెలిగించడమే.

నీలం అంత ఖరీదని ఎందుకంటారు?

మేలురకం నీలం లాపిస్ లాజులీ అనే రాయి నుంచి వస్తుంది. మన ఆయుర్వేదంలో రాజావర్తం అంటారు. మధ్యయుగంలో ఐరోపాకు అది అఫ్ఘానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి చేరేది. సముద్రం అవతలి నుంచి వచ్చింది కాబట్టే అల్ట్రామెరైన్ అని పేరు. రాయిని నూరితే బూడిదరంగు పొడే మిగులుతుంది. మైనం, బంక, నూనెల ముద్దలో కలిపి పిసికి పిసికి నీలాన్ని విడదీయాలి. డబ్బు తక్కువైనచోట అజురైట్ అనే రాగి ఖనిజంతో సరిపెట్టుకున్నారు.

ఈ రాయి గురించి ఒక ముచ్చట. జర్మనీలోని దాల్హైమ్ మఠంలో సుమారు వెయ్యేళ్ళ కిందట సమాధి చేసిన ఒక స్త్రీ పళ్ళ గారలో ఈ నీలపు రేణువులు దొరికాయి. 2019లో ఆ పరిశోధన వెలువడింది. కుంచె మొన సన్నబడటానికి నోట్లో పెట్టుకుని తడిపి ఉంటుందని పరిశోధకుల ఊహ. పేరు మిగలలేదు, రంగు మిగిలింది.

మినియేచర్ అంటే చిన్న బొమ్మ అనే కదా?

ఇప్పుడు అంతే, మొదట కాదు. మాట పుట్టుక మినియం, అంటే సీసపు సిందూరం. దానితో ఎర్ర అక్షరాలు దిద్దే పనికి ఆ పేరు వచ్చింది. పుస్తకాల్లో బొమ్మలు చిన్నవి కాబట్టి తర్వాత అర్థం జారిపోయింది.

ఇవన్నీ మగ సన్యాసులే రాశారా?

లేదు. జర్మనీలోని ఒస్నాబ్రూక్‌లో గీస్లె గ్రంథం అనే గ్రాడ్యువల్ ఉంది. రుల్లె మఠపు కన్యస్త్రీ గీసెలా ఫాన్ కెర్సెన్‌బ్రోక్ దీన్ని రాసి, స్వరాలు వేసి, పుటల సంఖ్యలు వేసి, బంగారు అక్షరాలతో, అందమైన బొమ్మలతో అలంకరించిందని, ఆమె స్మృత్యర్థం అందులో 1300వ సంవత్సరం పేరుతో ఒక వాక్యం రాసి ఉంది. అంత పనీ ఒక్క చేతిదేనా అని నేటి పండితులు సందేహిస్తారు. కానీ క్రిస్మస్ పాట అక్షరంలో పాడుతున్న కన్యస్త్రీల మధ్య ఆమె పేరుతోనే ఆమె బొమ్మ ఉంది.

ఫ్లోరెన్స్‌లోని సాంతా మారియా దెలి ఆంజెలి మఠంలో పని విడివిడిగా జరిగింది. దొన్ యాకొపో అక్షరాలు రాసేవాడు, దొన్ సిల్వెస్త్రో బొమ్మలు వేసేవాడు. వాళ్ళు పోయాక ఆ చేతులను మఠంలో పవిత్ర అవశేషాలుగా భద్రపరిచారని 16వ శతాబ్దపు కళాచరిత్రకారుడు వసారి రాశాడు. నగరాలు పెరిగాక మఠంతో సంబంధం లేని వృత్తి చిత్రకారులు కూడా కూలికి ఈ పని చేశారు.

ముందు బొమ్మ వేస్తారా, పాట రాస్తారా?

మామూలుగా బొమ్మ చివర. ముందు అంచుల్లో సూదితో గుచ్చి గీతలు కొడతారు, తర్వాత మాటలు, స్వరాలు, అక్షరానికి వదిలిన ఖాళీలో బంగారం, ఆ పైన రంగులు. రంగుల ముందే బంగారం ఎందుకంటే, రుద్దేటప్పుడు రంగు చెడుతుంది, పైగా రేకు తడి రంగుకు అంటుకుంటుంది. సొమ్ము అయిపోయి మధ్యలో ఆగిన పుస్తకాలు ఈ క్రమాన్ని బయటపెడతాయి. వాటిలో ఖాళీ చదరాలు, వాటి మూలన చిత్రకారుడికి గుర్తుగా వేసిన పిసరంత అక్షరం అలాగే ఉండిపోతాయి.

## పుట చదవడం

మాటల పైన పిచ్చిగీతల్లాంటి గుర్తులు ఉన్నాయి, గీతలే లేవు. ఇవి స్వరాలా?

స్వరాల ఆనవాళ్ళు. వీటిని న్యూమ్‌లు అంటారు. గొంతు పైకి వెళ్తుందా, దిగుతుందా, ఎక్కి దిగుతుందా అన్నది చెబుతాయి, ఎంత ఎత్తుకు అన్నది చెప్పవు. పాట ముందే వచ్చినవాడికి జ్ఞాపకం చేయడమే వీటి పని. ధ్వనులను రాయలేం, మనసులో పట్టుకోకపోతే నశిస్తాయి అని 7వ శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిదోరే అన్నాడు. ఆ నిస్సహాయతకు రెండువందల ఏళ్ళ తర్వాత దొరికిన తొలి జవాబు ఇది.

అయితే వీటిని తక్కువ అంచనా వేయకూడదు. సాంక్ట్ గాలెన్ ప్రతుల్లో గుర్తుల పక్కన చిన్న అక్షరాలు కూడా ఉంటాయి: ఇక్కడ త్వరగా, ఇక్కడ నిలిపి, ఇక్కడ పైకి. వణికే స్వరానికి క్విలిస్మా అని పళ్ళచక్రం అంచు లాంటి గుర్తు ఉంది. గమకం తెలిసిన చెవికి ఈ పుటలు తర్వాతి చదరపు చుక్కల కంటే దగ్గరగా తోస్తాయి. నా మటుకు నాకు బంగారం ఉన్న పుటలకంటే, ఈ సన్నని గీతలున్న పుటలే ఎక్కువ ప్రాణంతో కనిపిస్తాయి.

స రి గ మ లాంటివి వాళ్ళకు ఎప్పుడు వచ్చాయి?

11వ శతాబ్దంలో, ఇటలీలో, గ్విదో ద అరెజ్జొ అనే సన్యాసి వల్ల. పిల్లలకు పాట నేర్పడం ఆయన పని. పదేళ్ళు గొంతు అరగదీసినా కొత్త పాట సొంతంగా పాడలేని శిష్యులను చూసి విసిగిపోయాడు. స్వరాలను గీతల మీద, గీతల మధ్య ఖాళీల్లో పెట్టి, ఒక గీతకు ఎరుపు, మరో గీతకు పసుపు వేసి, ఏ రంగు ఏ స్వరమో స్థిరపరిచాడు. ఇక గురువు లేకున్నా పుటే పాట చెబుతుంది. పదేళ్ళ చదువు ఏడాదిలో, మహా అయితే రెండేళ్ళలో పూర్తవుతుందని ఆయన మాట. పోపు 19వ జాన్ పిలిపించుకుని, అప్పటికప్పుడు ఆ పద్ధతిలో తనకు తెలియని ఒక చరణం పాడగలిగి ఆశ్చర్యపోయాడట.

పేర్లు వచ్చింది బాప్తిస్మమిచ్చు యోహాను స్తోత్రం నుంచి. దాని ఆరు పాదాలు ఒక్కొక్కటి ఒక్కో మెట్టు పైన మొదలవుతాయి. ఆ మొదటి అక్షరాలే ఉత్, రే, మి, ఫా, సోల్, లా. ఏడో పేరు చాలా తర్వాత చేరింది.

గీతలు నాలుగే ఉన్నాయేమిటి? ఐదు ఉండాలి కదా?

ఈ గానానికి నాలుగు చాలు. పాట పరిధి ఎక్కువగా ఒక స్థాయికి కాస్త అటూఇటూ ఉంటుంది. ఎత్తుకు వెళ్తే పుట మధ్యలోనే, ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తును ఒక గీత కిందికో పైకో జరుపుతారు. గీతలు చకచకా కొట్టడానికి ఒకే పిడికి నాలుగు మొనలున్న కలం కూడా ఉండేది. చదరపు చుక్కల ఆకారం ఈక కలం మొనను అడ్డంగా కత్తిరించడం వల్ల వచ్చింది. 13వ శతాబ్దం నుంచి ఇదే రివాజు.

వరుస చివర మాట లేని ఒక చిన్న స్వరం ఉంటుంది. రాసినవాడి పొరపాటా?

పొరపాటు కాదు, మర్యాద. దాని పేరు కుస్తోస్, అంటే కాపలాదారు. తర్వాతి వరుస ఏ స్వరంతో మొదలవుతుందో ముందే చూపిస్తుంది, దాన్ని పాడకూడదు. పుట తిప్పే చోట దాని విలువ తెలుస్తుంది.

పాట చివర "ఎ ఉ ఒ ఉ ఆ ఎ" అని ఉంది. ఇది ఏ భాష?

లాటినే. "సేకులోరుమ్ ఆమెన్" అన్న మాటల్లో అచ్చులు మాత్రమే. "యుగయుగములు, ఆమెన్" అని ప్రతి కీర్తనా ముగుస్తుంది. అది అందరికీ నోటికి వచ్చు, ఏ ముగింపు బాణీలో పాడాలో చెబితే చాలు. హల్లులు తీసేసి చోటు మిగుల్చుకున్నారు.

శ్రుతి ఎంత? కీబోర్డు మీద ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలి?

మీ గొంతుకు అనువైన చోటునుంచి. ఇక్కడ స్వరాల మధ్య దూరమే ముఖ్యం. మన షడ్జమం ఎలా కదులుతుందో ఇదీ అలాగే. లయ సంగతి మాత్రం నూరేళ్ళుగా తెగని తగవు. ప్రతి స్వరం సమానమని ఒక వర్గం, హ్రస్వదీర్ఘాలు ఉన్నాయని ఇంకో వర్గం, పాత న్యూమ్‌ల సూక్ష్మాలను చూసి మాటను బట్టి పాడాలని మూడో వర్గం. వినేవాడిగా నా ఓటు మూడోవాళ్ళకు.

## బొమ్మల సంగతి

కొన్ని పుటలకే బంగారం, మిగతావి వెలవెలబోతున్నాయి. ఎందుకు?

పుస్తకంలో దారి చూపడానికి. పుటల సంఖ్యలు అరుదైన కాలంలో, మసక వెలుగులో, ప్రార్థన మొదలయ్యే లోపు ఆనాటి పాట దొరకాలి. అందుకని పండుగ స్థాయిని బట్టి అక్షరం స్థాయి ఉంటుంది. క్రిస్మస్, ఈస్టర్, ఆ మఠపు పాలక పునీతుడి పండుగకు బంగారంతో బొమ్మల అక్షరం, ఆ తర్వాతి పండుగలకు రంగుల లతలు, మామూలు రోజులకు ఎరుపు నీలాల కలం గీతలు. పుస్తకం తెరిచి ఏ పునీతుడికి ఎక్కువ బంగారం దక్కిందో చూడండి, అది ఎవరి కోసం తయారైందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. ఫ్రాన్సిస్ అక్షరం వెలిగిపోతుంటే ఆయన పేరిట నడిచే ఫ్రాన్సిస్కన్ సన్యాసులది, దొమినిక్‌ది అయితే దొమినికన్‌లది.

అక్షరంలోని బొమ్మకూ పాటకూ సంబంధం ఉంటుందా?

గట్టి సంబంధం. గ్రాడ్యువల్ మొదటి పుటలో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు తొలి ఆదివారం పాట "ఆద్ తే లెవావి" ఉంటుంది. నా ఆత్మను నీ వైపు ఎత్తుతున్నాను అని అర్థం. చిత్రకారుడు దాన్ని ఉన్నదున్నట్టు గీస్తాడు: మోకరించిన దావీదు రాజు, చేతుల్లో పసిబిడ్డంత ఆత్మ, పైన దేవుడు. క్రిస్మస్ పగటి పూజ పాట "పుయెర్ నాతుస్ ఎస్త్", మనకు శిశువు పుట్టెను. ఆ మొదటి అక్షరం పొట్టలో పశువుల తొట్టి సరిగ్గా ఇమిడిపోతుంది. క్రీస్తు ఆరోహణ పండుగ పాట "గలిలయ మనుషులారా, ఆకాశం వైపు ఎందుకు చూస్తున్నారు" అని అడుగుతుంది. అక్కడ చాలా పుస్తకాల్లో శిష్యులు తలెత్తి చూస్తుంటారు, పైన మేఘంలోంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు.

పవిత్ర గ్రంథంలో కోతులు, కుందేళ్ళు, కొట్లాటలు ఏమిటి?

అంచులు చిత్రకారుడి ఆటస్థలం. నురెంబర్గ్‌లోని సాంక్ట్ లొరెన్జ్ చర్చి కోసం 1503 నుంచి 1510 వరకు తయారైన గ్రాడ్యువల్‌కు అసలు పేరుకన్నా పెద్దబాతుల పుస్తకం అన్న పేరే నిలిచిపోయింది. ఒక పుట అడుగున పెద్దబాతుల గాయక బృందం పీఠం మీది పుస్తకం చూస్తూ నోళ్ళు తెరిచి పాడుతుంటుంది. గురువు స్థానంలో తోడేలు కర్ర పట్టుకుని నిలబడింది. వెనక నక్క ఒక బాతు మీద పంజా వేస్తోంది. బొమ్మలు వేసింది యాకొబ్ ఎల్స్నర్. అది చూస్తూ రోజూ పాడవలసిన పిల్లలు ఏ గురువును తలచుకున్నారో మనం ఊహించుకోవచ్చు. ఇప్పుడది న్యూయార్క్‌లోని మోర్గాన్ గ్రంథాలయంలో ఉంది.

## చినిగిన పుటలు, నకిలీలు

పుస్తకంలోంచి ఒక్క పుట విడిగా అంగడికి ఎలా వస్తుంది?

ఎవరో కోశారు కాబట్టి. ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ యుద్ధాల్లో మఠాలు మూతపడి పుస్తకాలు బండ్లకెత్తి అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళకు కావలసింది బొమ్మ. వెనిస్‌కు చెందిన చెలొత్తి అనే క్రైస్తవ గురువు ఇలా కోసిన బొమ్మలను 1825లో లండన్‌లో వేలం వేయించాడు. ఆంగ్ల కళావిమర్శకుడు రస్కిన్ అయితే, ఫ్లాండర్స్‌లోని బోప్రే కన్యస్త్రీల మఠం కోసం 1290లో రాసిన అద్భుతమైన ఆంటిఫొనరీ చేతికొస్తే, దాని ఆకులు కొన్ని విడదీసి పంచిపెట్టాడు. మధ్యయుగపు చేతిపనిని ఆకాశానికెత్తిన మనిషి చేసిన పని ఇది. మిగిలిన సంపుటాలు ఇప్పుడు బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉన్నాయి.

అందంగా ఉంది, ఒక పుట కొనుక్కోవచ్చా?

ఎప్పుడో విడిపోయిన పుటను, పాత యాజమాన్యం వివరాలు చూపించే అంగడిలో కొనవచ్చు. ఈమధ్యే కోసినట్టుగా అంచు తెల్లగా, పదునుగా ఉంటే వద్దు. ఆ డబ్బుతో ఇంకో పుస్తకం కత్తి కిందికి వెళ్తుంది. కొన్నాక ఎండ, తేమ రెండూ తగలనివ్వకండి. చర్మపత్రం మన కోస్తా వేసవి గాలికి అప్పడంలా వంకర్లు తిరుగుతుంది, బంగారం పొట్టు లేస్తుంది.

నకిలీని పట్టడం ఎలా?

పుట నిజమైనదై, బొమ్మ నకిలీ కావచ్చు. అదే అసలు చిక్కు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో పనిచేసిన ఒక అజ్ఞాత చిత్రకారుడు పాత గానపుస్తకాల ఆకుల మీద పాట గీకేసి కొత్త బొమ్మలు వేశాడు. మోర్గాన్ గ్రంథాలయ అధిపతి బెల్ ద కోస్తా గ్రీన్ ఆ చేతిని గుర్తుపట్టి "స్పానిష్ ఫోర్జర్" అని పేరు పెట్టింది. ఆయన స్త్రీల ముఖాలు మిఠాయిలా తియ్యగా, దుస్తుల మెడలు మధ్యయుగం ఒప్పుకోనంత లోతుగా ఉంటాయి. రసాయన పరీక్షలో మధ్యయుగంలో అసలు లేని, ఆర్సెనిక్ (పాషాణం) కలిసిన పచ్చరంగు బయటపడుతుంది. తమాషా ఏమిటంటే, ఇప్పుడు ఆయన నకిలీలకే మంచి ధర పలుకుతోంది.

## చూడటానికి, వినడానికి

ఎక్కడ చూడవచ్చు?

ఇటలీ వెళ్తే సియెనా కెథెడ్రల్‌లోని పిక్కొలొమిని గ్రంథాలయం వదలకండి. లిబెరాలే ద వెరోనా, జిరొలామొ ద క్రెమోనా చిత్రించిన పుస్తకాలు గోడల వెంబడి తెరిచి ఉంటాయి. ఫ్లోరెన్స్ సాన్ మార్కొ మ్యూజియంలో ఫ్రా ఆంజెలికొ చేతి పని ఉంది. మెల్బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళకు అంత దూరం అక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని పుఅసీ దొమినికన్ కన్యస్త్రీల 14వ శతాబ్దపు ఆంటిఫొనరీ అక్కడి రాష్ట్ర గ్రంథాలయంలోనే ఉంది. ఇంట్లోంచి చూడాలంటే స్విట్జర్లాండ్ వారి ఈ-కోడిసెస్, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు గాలికా ఉచితం. హార్ట్‌కర్ పుటలను రోమకూపాలు కనిపించేంత పెద్దవి చేసి చూడవచ్చు.

ఆ పాత గుర్తులను ఇప్పుడు ఎవరైనా నిజంగా పాడతారా?

పాడతారు. 1833లో ఫ్రాన్స్‌లో తిరిగి నెలకొన్న సొలెం మఠం సన్యాసులు పాత ప్రతులను ఊరూరా వెతికి ఫొటోలు తీసి, 1889 నుంచి అచ్చు వేశారు. అంతకుముందు మూడు శతాబ్దాలుగా చర్చిల్లో పాడుతున్నది కత్తిరించిన, చదును చేసిన రూపం. 1979లో వెలువడిన ఒక గ్రాడ్యువల్‌లో చదరపు స్వరాల పైన ఒక రకం, కింద ఇంకో రకం పాత న్యూమ్‌లు అచ్చయ్యాయి. గాయకులు మూడూ ఒకేసారి చూస్తూ పాడతారు.

మన తెలుగు కథోలిక చర్చిల్లో ఇది ఎందుకు వినిపించదు?

ప్రపంచ కథోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లో ఒక పత్రంతో స్థానిక భాషల్లో పూజకు దారి తెరిచింది. అదే పత్రం గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం ఉండాలని కూడా అంది, కానీ లాటిన్ వెళ్ళిపోయాక పాట ఒంటరిగా నిలవలేదు. తెలుగు పాటలు, హార్మోనియం, తబలా వచ్చాయి. ఎనభై ఏళ్ళు దాటిన విచారణవాసులను (చర్చి సభ్యులను) అడిగి చూడండి. "కీరియే ఎలేయిసోన్" గాని, "తాంతుమ్ ఎర్గో" గాని, ఆ పాత పూజ పాటలు ఎత్తుకుంటే చివరిదాకా పాడేవాళ్ళు ఇప్పటికీ దొరుకుతారు, పుస్తకం చూడకుండానే.